అది తినడం లేదు

దీవి నుంచి
5 జూలై 2025

పెద్దమ్మా,

క్షేమంగా చేరాను. పడవలో రెండుసార్లు వాంతి చేసుకున్న సంగతి చెల్లె కమలకు మాత్రం చెప్పకు. చేపలోళ్ల ఇంటి పిల్లకు పడవ పడలేదట అని కిషన్‌బాగ్ అంతా చాటింపు వేస్తుంది.

అండమాన్ వైపు ఒక చిన్న దీవి ఇది. మేం పదకొండు మందిమి, మా సోమశేఖర్ సార్, ఒక వంటాయన, లెక్కలేనన్ని ఎండ్రకాయలు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆదివారం ఆదివారం ఒక పడవ వచ్చి ఉత్తరాలు ఇచ్చి, మావి పట్టుకుపోతుంది. కాబట్టి నువ్వు ఏడో తరగతిలో నేర్చుకున్న చేతిరాతకు ఇన్నాళ్లకు పని పడింది.

వెనక గదిలో నీలం టబ్బులో నేను వదిలి వచ్చిన చెరువు ఎండ్రకాయ సంగతి మళ్లీ చెబుతున్నాను. ఆగస్టు ఆఖరు దాకా దానికి ఏమీ పెట్టకూడదు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి, అంతే. తిండి లేకుండా అది ఎన్నాళ్లు, ఎట్లా బతుకుతుందన్నదే నా చదువు. కాలేజీలో పెడితే ఎవరో ఒకరు పులుసు పెట్టుకుంటారు. ముప్పై ఏళ్లుగా బేగంబజార్‌లో ఎండ్రకాయలు అమ్మిన నీ దగ్గరే దానికి ప్రాణభయం లేదని సార్‌తో అంటే ఆయన నమ్మలేదు.

ఒక్క మాట అడగాలని ఉంది. నేను బయల్దేరిన రోజు గడపలో నిలబడి "పోయొస్త పెద్దమ్మా" అని మూడుసార్లు అన్నాను. నువ్వు బొట్టు పెట్టి లోపలికి వెళ్లిపోయావు. అందరి ఇళ్లలోనూ "పోయిరా" అంటారు. నువ్వు అనలేదు. నా మీద కోపమా?

నీ
పూజిత

*

కిషన్‌బాగ్
14 జూలై 2025

బిడ్డ పూజితకు పెద్దమ్మ కాశమ్మ దీవెనలు.

ఉత్తరం చేరింది. ఉత్తరంలో పుస్తకాల భాష రాయాలని మా పంతులు చెప్పేవాడు, అందుకని అట్లనే రాస్తున్న. తప్పులుంటే నవ్వకు.

నీ మీద నాకు ఏ కోపం లేదు. ఆ మాట సంగతి మాత్రం అడగకు.

నీ ఎండ్రకాయ బాగానే ఉన్నది. దాని నీళ్లు మార్చే పని కమలకు అప్పజెప్పిన. ఇప్పుడు ఇంట్లో జరిగిన లొల్లి విను. చెరువుల్లో మునిగినవాళ్లను బయటికి తీసే దళంలోకి ఈతగాళ్లను తీసుకుంటున్నారట. ఆడపిల్లలను కూడా. అక్టోబర్ ఐదో తారీఖున మీరాలం చెరువులో ఈత పరీక్ష. కమల నన్ను అడగకుండానే పేరు ఇచ్చి వచ్చింది. మీ పెద్దబాపు మొగులయ్య ఎట్ల పోయిండో నీకు తెలుసు. మునిగినవాళ్లను తియ్యడానికి పోయి మీరాలం చెరువులోనే ఉండిపోయిండు. అప్పటికి కమలకు తొమ్మిదేండ్లు. ఆ నీళ్ల పక్క నుంచి పోవాలంటే ఇప్పటికీ నేను తల తిప్పుకుంటా. అందులోకి నా బిడ్డను దిగమని ఎట్ల అంటా?

శుక్రవారం నాడు నా ముందర నిలబడి ఏమన్నదో చూడు. "నువ్వు వాకిట్ల నిలవడి పోయిరా అనాలె అమ్మా. గా మాట లేకుంట నేను పోను. నువ్వు అనేదాంక గీ ఇంట్ల మెతుకు ముట్ట."

నేనేం తక్కువదాన్నా? "అయితె ముట్టకు" అన్న.

ఇవాళకు నాలుగు రోజులు. పొద్దున ఒక గ్లాసు మజ్జిగ, సాయంత్రం సడక్ మీద ఒక చాయ్, అంతే. ఒట్టు పెట్టుకొని చెబుతున్న, బుద్ధి వచ్చేదాకా దాని పేరు నా నోట రాదు, కాగితం మీద కూడా రాదు. ఇదే ఆఖరుసారి రాయడం.

నువ్వు ఆకలి మీదనే చదువుతున్నావు కదా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

పెద్దమ్మ

*

కిషన్‌బాగ్
21 జూలై 2025

బిడ్డా,

ముందు ఉత్తరంలో అంతా రాసిన. మళ్లీ మొదటి నుంచి రాసే ఓపిక లేదు.

అది ఇంకా తినడం లేదు. పదకొండు రోజులైంది. వెనక గదిలో మూలకు చేరి కూర్చుంటుంది. ముందటి లెక్క కదలడం లేదు. నేను దగ్గరకు పోతే పక్కకు జరుగుతుంది, కండ్లు మాత్రం నా మీదనే పెట్టి చూస్తుంది. నిన్న బజారులో మంచి కొర్రమట్ట చేప మిగిలితే దానికని ముక్క తెచ్చి ముందర పెట్టిన. తల కూడా తిప్పలేదు. నా ప్రాణం ఊకుంటలేదు.

ఇట్ల ఎన్ని రోజులు ఉంటుంది? పెట్టాలా, వదిలెయ్యాలా? నీ మాట ఎట్ల ఉంటే అట్ల చేస్తా. జల్ది రాయి.

పెద్దమ్మ

*

దీవి నుంచి
27 జూలై 2025

పెద్దమ్మా,

నీ ఇరవై ఒకటో తారీఖు ఉత్తరం ఇవాళ అందింది. దానికి ముందు ఏదో రాశానన్నావు, అది రాలేదు. గాలివానకు పోయిన వారం పడవ సగంలోనే తిరిగిపోయింది, టపా సంచి ఏ ఒడ్డున ఉందో తెలియదు. ఫర్వాలేదు, ఉన్న సంగతి అర్థమైంది.

ఏమీ ఫికర్ చెయ్యకు. అది చావదు. పదకొండు రోజులని రాశావు, నేను బయల్దేరిన నాటి నుంచి ఇరవై దాటాయి, అయినా దానికి అది ఒక లెక్క కాదు, మూడు నెలలైనా ఉండగలదు. తిండి ఉన్న రోజుల్లో తిన్నదంతా లోపల కొవ్వుగా దాచుకుని ఉంటుంది. ఇప్పుడు అందులోంచి కొంచెం కొంచెం తీసి వాడుకుంటోంది. కదలకుండా మూలకు కూర్చోవడం నీరసం వల్ల కాదు, పొదుపు. గుండె కూడా నెమ్మదిగా కొట్టుకుంటుంది. మనం దగ్గరకు పోయి కదిలిస్తే ఆ దాచుకున్నది వృథాగా ఖర్చైపోతుంది.

అందుకని ముక్క చూపించడం మానుకో. పలకరించకు. జాలి పడకు. గది చీకటిగా ఉంచు, నీళ్లకు లోటు రానీయకు, వదిలెయ్యి. దాని మొండితనం దానిదే, నువ్వు మధ్యలో మెత్తబడితే ఇన్నాళ్లు చేసిందంతా పోతుంది. పెద్దమ్మా, ఈ ఒక్కసారి నువ్వు గట్టిగా ఉండాలి.

ఇక్కడ సార్ మాకు వింతలు చెబుతుంటారు. జపాన్‌లో సముద్రం అడుగున దొరికే ఒక జీవిని, మన ఎండ్రకాయకు దూరపు చుట్టాన్ని, అద్దాల తొట్లో ఉంచితే ఐదేళ్లకు పైగా ఏమీ తినకుండా బతికిందట. చలి సముద్రంలో ఉండే ఒక రకం చిన్న రొయ్యలైతే ఇంకా విచిత్రం. ఆకలి కాలం వస్తే పాత పెంకు విడిచి, అంతకంటే చిన్న పెంకులోకి సర్దుకుంటాయి. ప్రాణం నిలవడం కోసం తామే చిన్నవైపోతాయి.

కమలను అడిగానని చెప్పు. ఒక ముక్క రాయమను, ఎప్పుడూ నువ్వేనా?

పూజిత

*

కిషన్‌బాగ్
10 ఆగస్టు 2025

బిడ్డా,

నువ్వు నూరేండ్లు ఉండు. నీ ఉత్తరం మూడుసార్లు చదివిన.

చివర నువ్వు ఒక పేరు రాసి, ఒక ముక్క రాయమని అడగమన్నావు కదా, అడగలేదు. అడగను కూడా. మిగతాదంతా నువ్వు చెప్పినట్టే చేసిన. కిటికీకి బొంత కట్టి గది చీకటి చేసిన. పలకరించడం మానేసిన. ముందు రోజుకు రెండుసార్లన్నా గడప దగ్గర నిలబడి "తిను" అనేదాన్ని, అదీ మానేసిన. కుండ నిండా నీళ్లు మాత్రం పెట్టిన. మన పక్కింటి రఫియా చూసి, "ఏంది కాశమ్మా, గంత పత్తర్ దిల్ అయినవ్" అన్నది. రాతి గుండె కాదు, చదువుకున్న పిల్ల చెప్పింది, నీకేం తెలుసు అన్న. అన్న గాని బజారులో రోజూ తూకం తప్పేదాన్ని.

ఆరు రోజులు అట్ల ఉన్న. శుక్రవారం ఇక ఉండలేకపోయిన. పొద్దున బేరానికి పోయేముందు వెనక గదిలో చేప ముక్కలు పెట్టి వెనక్కి చూడకుండా పోయిన. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్క ముక్క లేదు. తిన్నది. నిన్న పెట్టిన, నిన్న కూడా తిన్నది.

నువ్వు అన్నట్టే గట్టిగా నిలబడితే మొండితనం దిగింది. గెలిచిన బిడ్డా.

పెద్దమ్మ

*

దీవి నుంచి
17 ఆగస్టు 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. ఎవరు పెట్టమన్నారు నిన్ను? ఎన్నిసార్లు చెప్పాను? ఇంకో మూడు వారాలు ఆగితే అయిపోయేది. నలభై రోజుల ఉపవాసం రెండు చేప ముక్కలతో మట్టిలో కలిసింది. నువ్వు గెలిచానని రాశావు, నేను ఓడిపోయాను.

సార్‌కు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంటివాళ్లకు అప్పగించకు, జాలిపడతారు అని ఆయన ముందే అన్నారు. నా పెద్దమ్మ అట్లాంటిది కాదని వాదించాను.

ఇక చేసేదేం లేదు. అయినా ఈ ఉత్తరం అందిన రోజు నుంచి మళ్లీ మానిపించు. ఏమీ పెట్టకు. ఎన్నాళ్లు ఉంటుందో అన్నాళ్లు ఉండనీ, చివరికి ఏమైనా సరే నాకు రాయి. కనీసం ఆ లెక్కైనా పనికొస్తుంది.

పూజిత

*

కిషన్‌బాగ్
23 ఆగస్టు 2025

పూజితా,

ఈసారి దీవెనలు రాయడానికి చెయ్యి రాలేదు.

నా బిడ్డ నాలుగు ముక్కలు తింటే నువ్వు ఓడిపోయావా? మళ్లీ మానిపించాలా? చివరికి ఏమైనా సరే నీకు లెక్క కావాలా? నిన్ను దానికంటే ఎక్కువ చేసుకొని సాదిన. మీ ఇద్దరికీ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టిన. ఆ దీవిలో నీళ్లు అట్లాంటివా, నీ సార్ అట్లాంటివాడా?

తిన్నదన్న సంబురం కూడా ఇప్పుడు నాకు లేదు. ముక్కలు ఖాళీ అవుతున్నాయి గాని దాని ఒంటి మీద కండ లేదు. మెట్టు ఎక్కితే గోడ పట్టుకుంటుంది. ఇది ఏం మాయనో నిన్ను అడుగుదామనుకున్న. ఇక అడగను. నువ్వు ఉత్తరం రాయకు.

కాశమ్మ

*

దీవి నుంచి
24 ఆగస్టు 2025

పెద్దమ్మా,

పడవ గంటలో వెళ్లిపోతుంది. తప్పిపోయిన టపా సంచి ఇవాళ వచ్చింది. నీ జూలై పద్నాలుగో తారీఖు ఉత్తరం ఇప్పుడే చదివాను.

నువ్వు "అది" అని రాసింది కమలనా? నేను ఇన్నాళ్లూ ఎండ్రకాయ అనుకున్నాను పెద్దమ్మా. మూలకు కూర్చుంది, పక్కకు జరుగుతోంది అని రాస్తే ఎండ్రకాయే అనుకున్నాను. నేను రాసిన ప్రతి ముక్కా టబ్బులో ఉన్నదాని గురించి. గది చీకటి చెయ్యమన్నది, పలకరించొద్దన్నది, మళ్లీ మానిపించమన్నది, ఏదీ నా చెల్లె గురించి కాదు.

మనిషి ఎండ్రకాయ కాదు. మూడు నెలలు ఉండలేదు. వెంటనే దవాఖానకు తీసుకుపో. ఒక్కసారిగా కడుపు నిండా పెట్టకు, ముందు డాక్టర్‌కు చూపించు. ఈ ఉత్తరం చేరేసరికి వారం పడుతుంది, అందుకని పడవ నడిపే సరంగుకు రఫియా ఆంటీ నంబరు ఇచ్చి, సిగ్నల్ తగలగానే ఫోన్ చెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆయనకు తెలుగు రాదు. ఏం చెబుతాడో ఏమో.

నాకు భయంగా ఉంది. తప్పు నాదే. కమలకు ఏమన్నా అయితే నేను ఆ ఇంటి గడప తొక్కలేను.

పూజిత

*

కిషన్‌బాగ్
31 ఆగస్టు 2025

బిడ్డా పూజితా,

ముందు ఇది చదువు. కమల బాగున్నది. పేరు రాసిన, చూసినవా? ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇక మీదట కమలను కమల అని, ఎండ్రకాయను ఎండ్రకాయ అని రాస్తా.

సోమవారం పొద్దున రఫియా ఫోన్ పట్టుకొని ఉరికి వచ్చింది. "కాశమ్మా, ఎవరో జహాజ్ ఆద్మీ ఫోన్ జేసిండు. కమల కో ఖిలావ్, కేకడే కో నక్కో అంటుండు. కమలకు తినవెట్టాలంట, ఎండ్రకాయకు వద్దంట. పాగల్ గాడేమో" అన్నది.

అందులో నీ పిచ్చే ఉన్నదని నాకు తోచింది. వెనక గదిలోకి పోయి కిటికీ బొంత పీకి టబ్బులోకి చూసిన. ఒక ఎండ్రకాయ పోయి రెండు ఉన్నాయి. చెయ్యి పెడితే ఒకటి ఉత్త పెంకు, విడిచేసినది. రెండోది మెత్తగా, వెనకటికంటే పెద్దగా ఉన్నది. అడుగున చేప ముళ్లు. నేను ముప్పై ఏండ్లుగా ఎండ్రకాయలు అమ్ముతున్న బిడ్డా. కడుపు మాడ్చుకున్న ఎండ్రకాయ బరువు లేకుండా డొల్లగా ఉంటుంది, పెంకు విడవదు. ఇది ఉపవాసం ఉన్నదాని వాటం కాదు. అది తిన్నదని నేను రాసినప్పుడు ఎండ్రకాయ అనుకొని నన్ను తిట్టినావు కదా. నిజంగానే తిన్నది ఎండ్రకాయనే.

"ముక్కలన్నీ దీనికేసినవా?" అని అడిగిన.

కమల జవాబు చెప్పడానికని లేచింది. లేచిన మనిషి లేచినట్టే పడిపోయింది.

రఫియా కొడుకు తౌఫీఖ్ ఆటోలో నయాపూల్ దాటించి దవాఖానకు చేర్చిండు. రెండు రోజులు సెలైన్ పెట్టిండ్రు. డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం సరిపోదు, అన్నీ న్యాయమైనవే. తర్వాత నా మొఖం చూసి నాకూ రక్త పరీక్ష చేయించింది. నేను కూడా ఒక్క పూటే తింటున్ననని అప్పుడు బయటపడ్డది. అది తినకుండా, అదే, కమల తినకుండా నాకు ముద్ద ఎట్ల దిగుతుంది?

కండ్లు తెరిచినంక మా ఇద్దరి మాటలు విను.

"తినకపోతే తినకపోయినవ్, ఎండ్రకాయకు ఎందుకేసినవే?"

"మొదట్ల పళ్లెం నిండుగ తిరిగొస్తుండె. నువ్వు కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంటివి. నేను చూసిన. ఖాళీ పళ్లెం జూస్తెనన్న నువ్వు తింటవనుకున్న. అన్నం మెత్కులు మిద్దె మీద పావురాలకు, ముక్కలు గా ఎండ్రకాయకు."

"మరి గిప్పుడన్న పట్టు ఇడుస్తవా?"

"తింట. పట్టు ఇడువ. ఆ దినం బాపు కోసం దిగెటోడు ఇంకొకడు ఉంటె బాపు బతుకుతుండె అమ్మా. గా ఇంకొకరు నేనైత."

పదకొండేండ్లుగా ఎవరికీ చెప్పనిది అప్పుడు కమలకు చెప్పిన. నీకు కూడా రాస్తున్న, నువ్వు అడిగినావు కాబట్టి. మీ పెద్దబాపు పోయిన పొద్దున మా ఇద్దరికీ మాట మాట పెరిగింది. చెరువులో ఎవరో పడ్డరని పిలుపు వచ్చింది. చెప్పులు వేసుకుంటూ "పోయొస్తనే" అన్నడు. నేను మొఖం తిప్పుకొని "పో" అన్న. "రా" అనలేదు. ఇద్దరిని గట్టుకు చేర్చి మూడోసారి దిగినోడు మళ్లీ పైకి రాలేదు. అప్పటి నుంచి గడప దగ్గర ఎవరికీ ఆ మాట అనలేకపోతున్న. "పో" దాకా వచ్చి గొంతు ఆగిపోతుంది. నీకు బొట్టు పెట్టి లోపలికి ఉరికింది అందుకే.

కమల నా చెయ్యి పట్టుకున్నది. తర్వాత, "రా అంటె వస్త అమ్మా. నువ్వు గా రెండోది గట్టిగ అను" అన్నది.

ఇంకా అనలేదు. అక్టోబర్ ఐదుకు అంటనో లేదో నాకే తెలియదు. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేర్చుకుంటున్న.

నీ తప్పు సగం, నా తప్పు సగం. నా ఉత్తరం చింపెయ్యి, కోపంలో రాసింది. మన ఇంటి గడప నువ్వు తొక్కకపోతే ఇంకెవరు తొక్కుతరు?

పెద్దమ్మ

*

కిషన్‌బాగ్
5 అక్టోబర్ 2025

బిడ్డా,

ఇవాళ పొద్దున కమల తలకు నూనె రాసుకొని, జడ గట్టిగా అల్లుకొని తయారైంది. ఐదు వారాలు మెల్లమెల్లగా తిని ఒంట్లోకి మనిషి వచ్చింది. నీ ఎండ్రకాయను కూడా టబ్బుతో సహా చంకన పెట్టుకున్నది. అక్క పరీక్ష చెడిపోయింది కాబట్టి దీన్ని దాని చెరువులో వదిలేస్త అన్నది. విడిచిన పెంకును ఎండ్రకాయ తానే కొరికి తినేసింది, నీ సార్‌కు చెప్పు.

గడప దిగి నిలబడి, "పోయొస్త అమ్మా" అన్నది. నేను లోపలే ఉన్న. దేవుని మూలకు తిరిగి నిలబడ్డ. కమల మళ్లీ అనలేదు, పోలేదు కూడా. వాకిట్లో అట్లనే నిలబడింది. రఫియా తన గుమ్మంలోంచి చూస్తున్నది.

అప్పుడు నీ చలి సముద్రం రొయ్యలు యాదికి వచ్చినాయి. ప్రాణం నిలవడానికి అవే చిన్నవైతాయని రాసినావు కదా. పదకొండేండ్లు నా పంతం, నా భయం పెద్దగా చేసుకొని వాటి నీడలో బిడ్డను పెట్టుకున్న. ఒక్క దినం నేను చిన్నదాన్నైతే ఏం పోతుంది అనుకున్న. వాకిట్లోకి వచ్చిన. "పో" దగ్గర గొంతు ఆగింది. మింగి, "యిరా" అని ముగించిన. రెండు ముక్కలుగా వచ్చింది మాట. కమల నవ్వింది. ఇంకోసారి అన్న, ఈసారి ఒక్కటిగా వచ్చింది. రఫియా కొంగుతో కండ్లు తుడుచుకున్నది, నేను తుడుచుకోలేదు.

అంతటితో ఊకోలేదు. తలుపుకు గొళ్లెం పెట్టి నేనూ వెనకనే పోయిన. పదకొండేండ్లకు మీరాలం గట్టు మీద నిలబడి ఆ నీళ్లను నిండా కండ్లు పెట్టి చూసిన. ముందు కమల ఎండ్రకాయను ఒడ్డున వదిలింది. పక్కకు పక్కకు నడిచి బురదలోకి పోయింది. తర్వాత ఈల వేసిండ్రు. అది దూకింది. ఇక్కడ అది అంటే కమలనే, రాసే తొందరలో వచ్చింది, మాఫ్ చెయ్యి. తల నీళ్లలోకి పోయినప్పుడల్లా నేను లోపల "రా" అంటనే ఉన్న. పోయిన ప్రతిసారీ పైకి వచ్చింది. ఆఖరున ఇసుక సంచిని మునిగిన మనిషి లెక్క గట్టుకు లాక్కొచ్చింది.

తీసుకుంటరో లేదో పదిహేను దినాలకు చెబుతరట. తీసుకోకపోతే వచ్చే ఏడు మళ్లీ పోతుంది, నాకు తెలుసు. నేను మళ్లీ వాకిట్లోకి వస్తా.

నీకు బాకీ ఉన్న మాట ఇక్కడ రాస్తున్న. ఆలస్యమైంది గాని పనికొస్తుంది. పోయిరా బిడ్డా. చదువు ముగించుకొని రా.

ఇంటికొచ్చి తడి బట్టలతోనే పొయ్యి దగ్గర పీట లాక్కొని కూర్చుంది మీ చెల్లె. ఏమన్నదో రాసి ముగిస్తా, అన్నం ఉడుకుతున్నది.

"అమ్మా, ఆకలైతుంది. ఏం వండినవ్?"

పెద్దమ్మ